ఎక్స్‌కంట్రోల్: అటారీ ఎస్టీలో ఏ మాడ్యూల్ ఉంచాలి, ఏది తీసేయాలి

ముందు మీ ప్రశ్న నాకు సరిగ్గా అర్థమైందో లేదో చూడండి. జర్మనీలో పాత సామాన్ల సంతలో మీరు అటారీ ఎస్టీ రకం పాత కంప్యూటర్ 1040 ఎస్టీఈ కొన్నారు. 1 ఎంబీ ర్యామ్, ఒకే ఫ్లాపీ డ్రైవ్, హార్డ్ డిస్క్ లేదు. అందులో సెట్టింగులు మార్చే కంట్రోల్ ప్యానెల్ ఎక్స్‌కంట్రోల్ వేసి, దానిలో తెరుచుకునే చిన్న ప్రోగ్రాములు, అంటే నెట్‌లో దొరికిన సీపీఎక్స్ మాడ్యూళ్లన్నీ ఒకే డిస్కులో కుక్కేశారు. ఇప్పుడు బూట్ కావడానికి చాలాసేపు పడుతోంది, పెద్ద ప్రోగ్రాములు మెమరీ చాలదంటున్నాయి, మార్చిన సెట్టింగులు రీసెట్ కొట్టగానే ఎగిరిపోతున్నాయి. ఏవి ఉంచుకోవాలి, ఏవి తీసేయాలి అని అడిగారు. సొంతంగా ఒక మాడ్యూల్ రాయొచ్చా అని కూడా అడిగారు.

చాలామంది దీనికి 'ఈ పది ఉంచండి, మిగతావి తీసేయండి' అని జాబితా ఇస్తారు. నేను అలా ఇవ్వను. ప్రతి మాడ్యూల్ తాను ఎప్పుడు మెమరీలో ఉండాలో తన తలమీదే రాసుకుని వస్తుంది. అది చదవడం తెలిస్తే మీ జాబితా మీరే తయారు చేసుకోవచ్చు. మీరు చెప్పిన మూడు ఇబ్బందులకూ కారణం కూడా అక్కడే దొరుకుతుంది.

అసలు ఈ ఎక్స్‌కంట్రోల్ ఎందుకు పుట్టిందో కొంచెం చెప్పాలి. 1985లో వచ్చిన ఎస్టీలో డెస్క్‌టాప్ అంతా డిజిటల్ రీసెర్చ్ వాళ్ల జెమ్ మీద, అంటే కిటికీలు, మెనూలు చూపించే సాఫ్ట్‌వేర్ మీద నడుస్తుంది. ఒకసారికి ఒకే ప్రోగ్రాము. దానికి మినహాయింపు డెస్క్ యాక్సెసరీలు. బూట్ డిస్కులో ఏ ఫోల్డర్‌లోనూ పెట్టకుండా బయటే ఉంచిన ఏసీసీ ఫైళ్లు మెషీన్ లేచేటప్పుడే లోడ్ అవుతాయి. ఎడమ చివరి మెనూలో వాటి పేర్లు కనిపిస్తాయి. ఏ జెమ్ ప్రోగ్రాము నడుస్తున్నా మధ్యలో పిలవొచ్చు. వినడానికి బాగుంటుంది కానీ చిక్కులు రెండు. ఆ మెనూలో ఆరింటికి మించి చోటు లేదు. పైగా లోడైన యాక్సెసరీ మొత్తం మెమరీలోనే కూర్చుంటుంది; మీరు వాడినా వాడకపోయినా రీబూట్ దాకా లేవదు. 512 కేబీ ఉన్న 520 ఎస్టీ రోజుల్లో ఇది చిన్న బరువు కాదు.

మొదట్లో అటారీ ఇచ్చిన కంట్రోల్ ప్యానెల్ కూడా ఇలాంటి యాక్సెసరీయే. రంగులు, తేదీ, సమయం, కీ రిపీట్ అన్నీ ఒకే కిటికీలో ఇరుక్కుని ఉండేవి. కొత్తది ఏదైనా కలపాలంటే మొత్తం ప్యానెల్ తిరగరాయాల్సిందే. టీటీ, మెగా ఎస్టీఈ అనే తర్వాతి మోడళ్లు వచ్చే నాటికి సెట్ చేయాల్సినవి బాగా పెరిగాయి: క్యాష్ మెమరీ, ప్రాసెసర్ వేగం, స్టీరియో సౌండు, ఇంకా ఎన్నో. అప్పుడు అటారీ తన ప్యానెల్‌ని విడగొట్టింది. మెనూలో ఎక్స్‌కంట్రోల్ అనే ఒక్క యాక్సెసరీ ఉంటుంది, అంటే ఆరింటిలో ఒక్క చోటే పోతుంది. పనులన్నీ సీపీఎక్స్ అనే విడి ఫైళ్లలోకి వెళ్లాయి. మీరు కిటికీ తెరిస్తే వాటి ఐకాన్లు వరుసగా కనిపిస్తాయి, కావలసినదాని మీద డబుల్ క్లిక్ చేస్తే అదే కిటికీలో అది తెరుచుకుంటుంది.

ఇప్పుడు మాడ్యూల్ లోపలికి వెళ్దాం. ఫైలులోని బైట్లని అంకెలుగా చూపించే ఏదైనా హెక్స్ ఎడిటర్‌లో ఒక సీపీఎక్స్ ఫైలు తెరవండి, మీ లాప్‌టాప్‌లో తెరిచినా ఫర్వాలేదు. మొదటి రెండు బైట్లు 00 64 అని ఉంటాయి. హెక్స్‌లో 64 అంటే మన లెక్కలో 100, ఇది సీపీఎక్స్ ఫైలే అని గుర్తుపట్టే అంకె. ఆ తర్వాతి రెండు బైట్లు మీకు కావలసిన జెండాలు, అంటే ఉందా లేదా అని చెప్పే గుర్తులు. తర్వాత మాడ్యూల్ గుర్తింపు సంఖ్య, వెర్షన్, ఐకాన్ కింద రాసే పేరు, 32 బై 24 చుక్కల ఐకాన్ బొమ్మ, కిటికీలో చూపించే శీర్షిక వస్తాయి. చివర్లో 64 బైట్ల చిన్న జాగా ఉంటుంది. మాడ్యూల్ మెమరీలోంచి వెళ్లిపోయి మళ్లీ వచ్చినప్పుడు గుర్తుంచుకోవాల్సిన ముక్కలు దాచుకోడానికి అది. మొత్తం 512 బైట్ల హెడర్. అక్కడి నుంచి మామూలు ఎస్టీ ప్రోగ్రామే. అంటే సీపీఎక్స్ అంటే ముందు ఒక చీటీ అంటించిన ప్రోగ్రాము, అంతే.

జెండాల్లో మూడే పనికొస్తాయి. విలువ 1 ఉంటే ఆ మాడ్యూల్‌కి తెరిచి చూసే కిటికీయే లేదు, బూట్‌లో ఒకసారి తన పని చేసి వెళ్లిపోతుంది. విలువ 2 ఉంటే బూట్ సమయంలో దాన్ని పిలవాలి. విలువ 4 ఉంటే దాన్ని మెమరీలోనే ఉంచేయాలి. కలిపి కూడా రావొచ్చు: 00 06 కనిపిస్తే బూట్‌లో పిలవాలి, ఆపైన మెమరీలోనూ ఉండాలి. 00 00 కనిపిస్తే మీరు ఐకాన్ నొక్కేదాకా దానికి పనేమీ లేదు.

మీ బూట్ ఎందుకు ఆలస్యమవుతోందో ఇక చూడండి. ఎక్స్‌కంట్రోల్ లేవగానే సీపీఎక్స్ ఫోల్డర్‌లోకి వెళ్లి ప్రతి ఫైలునీ తెరుస్తుంది, 512 బైట్ల హెడర్ చదువుకుంటుంది. విలువ 2 ఉన్నవాటిని మొత్తంగా లోడ్ చేసి, వాటి ప్రారంభ ఫంక్షన్‌ని పిలిచి, 4 లేకపోతే మళ్లీ వదిలేస్తుంది. హార్డ్ డిస్కు ఉంటే ఇది కళ్లు ఆర్పేలోపు అయిపోతుంది. ఫ్లాపీలో మాత్రం ప్రతి ఫైలుకీ హెడ్ డైరెక్టరీ దగ్గరకీ డేటా దగ్గరకీ తిరగాలి. ఆ టకటకల్లో ఎక్కువ భాగం మీరు ఏడాదిలో ఒక్కసారి కూడా తెరవని మాడ్యూళ్ల కోసమే.

మెమరీ లెక్క దీనికి భిన్నం. హెడర్లు మాత్రమే ఉంచుకోవడం చాలా చవక: ఇరవై మాడ్యూళ్లున్నా 10 కేబీ. ఎస్టీ స్క్రీను ఒక్కటే ఏ రిజల్యూషన్‌లోనైనా 32,000 బైట్లు తింటుందని గుర్తుంచుకుంటే ఇది లెక్కలోకి రాదు. మెమరీ తినేది విలువ 4 పెట్టుకున్న మాడ్యూళ్లు. వాటిలో కొన్నింటికి నిజంగా అవసరం ఉంటుంది, సిస్టమ్ పిలుపుల్ని మధ్యలో అడ్డుకుని పనిచేసేవి మెమరీలో లేకపోతే మెషీన్ పడిపోతుంది. మిగతావాటికి అది రాసినవాళ్ల బద్ధకం, లేదా హార్డ్ డిస్కు లేనివాళ్ల సౌకర్యం. సౌకర్యం అని ఎందుకన్నానంటే, మెమరీలో ఉండని మాడ్యూల్‌ని మీరు నొక్కిన ప్రతిసారీ ఎక్స్‌కంట్రోల్ డిస్కు నుంచి చదవాలి. మీ ఫ్లాపీ డ్రైవ్‌లో అప్పుడు గేమ్ డిస్కు ఉంటే ఆ ఫైలు దొరకదు. ఒక్క డ్రైవ్ ఉన్న మెషీన్‌లో రోజూ వాడే ఒకటి రెండింటిని మెమరీలో ఉంచడం తెలివైన పనే. పదిహేనింటిని ఉంచితే మాత్రం పాత యాక్సెసరీల గొడవే మళ్లీ మొదటికొస్తుంది.

ఎక్స్‌కంట్రోల్ సెటప్‌లో స్లాట్ల సంఖ్య అని ఒకటి ఉంటుంది, ఎన్ని మాడ్యూళ్లకి చోటు కేటాయించాలో చెప్పేది. దాన్ని పెంచినా తగ్గించినా రీబూట్ తర్వాతే అమల్లోకి వస్తుంది. కొత్త మాడ్యూల్ పెట్టినా ఐకాన్ రావడం లేదని కంగారు పడేవాళ్లలో చాలామందికి సమస్య ఇదే.

సెట్టింగులు పోవడం వేరే కథ, దీని మీద కాస్త ఆగుదాం, ఎందుకంటే ఎస్టీకి కొత్తగా వచ్చినవాళ్లందరూ ఇక్కడే తికమక పడతారు. పాత కంట్రోల్ ప్యానెల్‌లో మార్చినవి డెస్క్‌టాప్‌ని సేవ్ చేసినప్పుడు డెస్క్‌టాప్ డాట్ ఐఎన్ఎఫ్ ఫైలులోకి వెళ్లేవి. ఎక్స్‌కంట్రోల్ ఆ దారి వదిలేసింది. మాడ్యూల్‌లో ఓకే నొక్కితే మార్పు ఇప్పటికి మాత్రమే అమలవుతుంది. డిస్కులోకి వెళ్లాలంటే సేవ్ నొక్కాలి. సేవ్ నొక్కినప్పుడు ఆ విలువలు వేరే సెట్టింగుల ఫైలులోకి వెళ్లవు, ఆ మాడ్యూల్ ఫైలులోనే, దాని డేటా భాగం మొదట్లో రాసేస్తుంది. నాకు ఈ డిజైన్‌లో అన్నిటికన్నా నచ్చింది ఇదే. మాడ్యూల్‌ని ఇంకో డిస్కులోకి కాపీ చేస్తే మీ సెట్టింగులు కూడా దానితో పాటే వెళ్తాయి.

దాని అర్థం ఇంకోటి ఉంది. ఫ్లాపీ రైట్ ప్రొటెక్ట్‌లో ఉంటే సేవ్ కాదు. మూడున్నర అంగుళాల ఫ్లాపీ మూలన చిన్న జరిపే ముక్క ఉంటుంది కదా, ఆ రంధ్రం తెరిచి ఉంటే డ్రైవ్ రాయనివ్వదు. మీరు పాత బూట్ డిస్కుని జాగ్రత్త కోసం అలా లాక్ చేసి ఉంచారని మీరు పంపిన డిస్కు ఫోటో చూస్తే అనుమానంగా ఉంది. అసలు డిస్కుని అలాగే ఉంచండి, కాపీ ఒకటి తీసి దాన్ని వాడండి. ఇంకోటి, పాత కంట్రోల్ ప్యానెల్ ఏసీసీ కూడా ఆ డిస్కులో ఉంటే తీసేయండి. ఒకే సెట్టింగుని ఇద్దరు ఎవరికి వారు పెడుతుంటే చివరికి ఎవరిది నిలుస్తుందో చెప్పలేం, పైగా ఆరు చోట్లలో ఒకటి వృథా.

కిటికీ మూసే పద్ధతిలో కూడా ఒక మెలిక ఉంది. ఎడమ మూలన ఉన్న మూసే బాక్సు నొక్కితే మాడ్యూల్ దాన్ని ఓకే కిందే లెక్కేసుకోవాలి, ఇది అటారీ పెట్టిన నియమం. మీరు ఏదో ప్రోగ్రాములో ఉండి ప్యానెల్ తెరిచి, దాన్ని మూయకుండా ఆ ప్రోగ్రాములోంచి బయటికొచ్చేస్తే మాత్రం అది క్యాన్సిల్ కింద లెక్క. ప్రోగ్రాము ముగిసేటప్పుడు జెమ్ యాక్సెసరీల కిటికీలన్నీ తనే తీసేస్తుంది, అప్పుడు మీరు నిజంగా సరేనన్నారో లేదో మాడ్యూల్‌కి తెలిసే వీలు లేదు. రంగులు మార్చాక ఒకసారి నిలిచి ఇంకోసారి ఎందుకు వెనక్కి పోతున్నాయని మీరు అడిగారు, అది ఇదే అయ్యుంటుంది.

ఇక మాడ్యూళ్ల సంగతి. అటారీ ఇచ్చినవాటిలో జనరల్ మాడ్యూల్‌ని మీరు వదలొద్దు. తేదీ, సమయం, కీ రిపీట్ వేగం, కీ నొక్కితే వచ్చే టిక్ శబ్దం, బెల్లు అన్నీ అందులో ఉంటాయి. మీ 1040లో బ్యాటరీతో నడిచే గడియారం లేదు, ఎస్టీల్లో దాన్ని మెగా సిరీస్‌లోనే పెట్టారు. కాబట్టి ప్రతిసారీ ఆన్ చేశాక తేదీ మీరే పెట్టాలి. లేకపోతే మీరు సేవ్ చేసే ప్రతి ఫైలు మీదా తప్పుడు తేదీ పడుతుంది. దీనికి బూట్‌లో పిలిచే జెండా కూడా ఉండాలి, లేకపోతే సేవ్ చేసిన కీ రిపీట్ వేగం అమలవదు.

సౌండ్ మాడ్యూల్ మీకు పనికొస్తుంది. ఎస్టీఈలో 8 బిట్ స్టీరియో సౌండు, దానికి వాల్యూమ్, బ్యాలెన్స్, బేస్, ట్రెబుల్ సర్దే చిప్పు ఉన్నాయి. పాత ఎస్టీల్లో అవేవీ లేవు, అక్కడ ఈ మాడ్యూల్ అలంకారమే. రంగుల మాడ్యూల్ మీ మానిటర్‌ని బట్టి. ఎస్టీఈకి 4,096 రంగుల్లోంచి ఎంచుకునే వీలుంది, కలర్ మానిటర్ లేదా టీవీకి కలిపి వాడితే ఉంచండి. ఎస్ఎం124 లాంటి నలుపు తెలుపు మానిటర్ అయితే తీసేయండి, దిగులు పడాల్సిందేమీ లేదు. కిటికీ రంగులు మార్చే మాడ్యూల్ కొత్త టాస్ (ఎస్టీ ఆపరేటింగ్ సిస్టమ్) కోసం రాసింది. మీ ఎస్టీఈలో ఉండే 1.06 లేదా 1.62లో ఆ సౌకర్యమే లేదు. మోడెమ్, ప్రింటర్ మాడ్యూళ్లు ఆ పరికరాలు మీ దగ్గర ఉంటేనే. సీరియల్ కేబుల్‌తో పీసీకి ఫైళ్లు పంపించుకునే ఆలోచన ఉంటే మాత్రం మోడెమ్ మాడ్యూల్ ఉంచుకోండి, వేగం అందులోనే మార్చాలి.

మౌస్ యాక్సిలరేటర్ గురించి విడిగా చెప్పాలి. అది పనిచేయడం లేదని మీరు రాశారు. దాని అసలు పని చేసేది సీపీఎక్స్ కాదు, ఆటో ఫోల్డర్‌లో పెట్టాల్సిన ఒక చిన్న ప్రోగ్రాము. ఆటో ఫోల్డర్‌లోవి డెస్క్‌టాప్, యాక్సెసరీలు రాకముందే నడిచి మెమరీలో ఉండిపోతాయి. సీపీఎక్స్ ఆ ప్రోగ్రామ్‌తో మాట్లాడే మీట మాత్రమే. మీరు మీట ఒక్కటే డౌన్‌లోడ్ చేసుకున్నారు. రెండింటినీ కలిపి వేయండి, అదే మాడ్యూల్‌లో స్క్రీన్ సేవర్ కూడా దొరుకుతుంది. ఒక హెచ్చరిక: ఆటో ఫోల్డర్‌లో ప్రోగ్రాములు అక్షర క్రమంలో నడవవు, డిస్కులోకి ఏ వరుసలో కాపీ అయ్యాయో ఆ వరుసలో నడుస్తాయి. డెస్క్‌టాప్‌లో పేర్ల వరుసలో కనిపిస్తున్నాయని నమ్మొద్దు.

బయటివాళ్లు రాసినవాటికి నా కొలమానం ఒకటే: ఇది చేసే పని ప్రోగ్రాము మధ్యలో నాకు కావాలా? గడియారం, కీ వేగం, ఆస్కీ పట్టిక (ఏ అక్షరానికి ఏ అంకె అని చూపేది) లాంటివి కావాలి. ఫైళ్ల వివరాలు, డిస్కు ఫార్మాట్ లాంటివి మామూలు ప్రోగ్రామ్‌గా ఉంటే చాలు, సీపీఎక్స్ చేసుకుని బూట్ డిస్కు బరువు పెంచాల్సిన పని లేదు. వద్దనుకున్నవాటిని డిలీట్ చేయకండి, ఫైలు పేరు చివర సీపీఎక్స్ బదులు సీపీజెడ్ అని మార్చండి. ఎక్స్‌కంట్రోల్ వాటిని పట్టించుకోదు, మళ్లీ కావాలంటే పేరు మారిస్తే చాలు. దాని సొంత సెటప్‌లో మాడ్యూల్‌ని నిలిపేసినా జరిగేది ఇదే.

ఎక్స్‌కంట్రోల్‌లో నాకు నచ్చనిదీ ఒకటుంది. ఒకసారికి ఒక మాడ్యూలే తెరుచుకుంటుంది. సౌండు సర్దుతూ రంగులు చూడాలంటే కుదరదు, ఒకదాన్ని మూసి ఇంకోటి తెరవాలి. కాప్స్ అనే ప్రత్యామ్నాయం ఈ ఇబ్బందిని తీరుస్తుంది. అవే సీపీఎక్స్ ఫైళ్లని ఒకేసారి కొన్నింటిని విడి కిటికీల్లో తెరుస్తుంది. మింట్, మ్యాజిక్ లాంటి మల్టీటాస్కింగ్ సిస్టమ్‌లు నడిపేవాళ్లకి అదే మేలు. 1 ఎంబీ ఎస్టీఈకి మాత్రం నేను ఎక్స్‌కంట్రోల్‌నే చెప్తాను. యాక్సెసరీలు ఆరింటికి మించి కావాలంటే కోడ్‌హెడ్ వాళ్ల మల్టీడెస్క్ ఉంది. ఇక మెమరీ టెన్షన్ పూర్తిగా పోవాలంటే పాత 30 పిన్నుల సిమ్ములు (ర్యామ్ పలకలు, ఫోను సిమ్ములు కావు) నాలుగు వెతికి 4 ఎంబీ చేసుకోండి. ఎస్టీఈలో వాటికి సాకెట్లు ఉన్నాయి, సోల్డరింగ్ అక్కర్లేదు. మూత తెరిచేటప్పుడు పవర్ సప్లై కూడా లోపలే ఉంటుందని మర్చిపోవద్దు, ప్లగ్ తీశాకే చెయ్యి పెట్టండి.

సొంతంగా రాయడం గురించి. రాయొచ్చు, అనుకున్నంత కష్టం కాదు, ఎందుకంటే బరువైన పనులు ఎక్స్‌కంట్రోల్ ముందే చేసి పెట్టింది. మీ మాడ్యూల్‌ని పిలిచేటప్పుడు అది ఒక పట్టిక చేతికిస్తుంది. పాపప్ మెనూ, స్లైడర్లు, డైలాగ్ నడిపే ఫంక్షన్, 'సేవ్ చేయనా', 'ఫైలు దొరకలేదు' లాంటి తయారు హెచ్చరికలు, మీ విలువల్ని ఫైలులోకి రాసే ఫంక్షన్, ఆ 64 బైట్ల జాగా, అన్నీ అందులో ఉంటాయి. ప్రతి మాడ్యూల్ ఇవన్నీ సొంతంగా మోసుకురాకపోవడం వల్లే మాడ్యూళ్లు చిన్నగా ఉంటాయి, అన్నీ ఒకేలా కనిపిస్తాయి. గీసుకోడానికి మీకు దొరికేది 256 బై 176 చుక్కల చోటు. 320 బై 200 స్క్రీనులో కూడా పట్టాలని పెట్టిన కొలత అది, పెద్ద మానిటర్ ఉంది కదా అని దాన్ని దాటొద్దు.

రెండు రకాలుగా రాయొచ్చు. బటన్లు, స్లైడర్లతో సరిపోయే మాడ్యూల్ అయితే డైలాగ్ నడిపే ఫంక్షన్‌కి మీ ఫారం అప్పగించి, ఏ బటన్ నొక్కారో తిరిగి తీసుకోండి. మొదటిసారికి ఇదే మంచిది. కదిలే గడియారం లాంటిది కావాలంటే టైమర్, కీ, మౌస్, గీయడం, మూయడం అన్నిటికీ విడివిడి ఫంక్షన్లు ఇవ్వాలి, ఎక్స్‌కంట్రోల్ సమయం వచ్చినప్పుడు వాటిని పిలుస్తుంది. ఎక్కడా లూపు వేసుకుని కూర్చోవద్దు. ఇక్కడ ప్రాసెసర్ ఎవరి దగ్గరి నుంచీ లాక్కోబడదు, మీరు వదిలితేనే మిగతావాళ్లకి అందుతుంది. మెమరీ విషయంలో ఇంకా జాగ్రత్త కావాలి. ఏదో ప్రోగ్రాము నడుస్తుండగా మీ మాడ్యూల్ మెమరీ అడిగితే సిస్టమ్ దాన్ని ఆ ప్రోగ్రాము ఖాతాలో రాస్తుంది, ప్రోగ్రాము ముగియగానే వెనక్కి తీసేసుకుంటుంది. మీ పాయింటర్ మాత్రం అక్కడే చూపిస్తూ ఉంటుంది. కాబట్టి కావలసిన బఫర్లు డేటా భాగంలోనే పెట్టుకోండి.

ఇవన్నీ అసలు మెషీన్ మీద చేయకుండా ముందు లాప్‌టాప్‌లోనే ఎస్టీలా నడిచే హటారీ ఎమ్యులేటర్‌లో ప్రయత్నించండి. లాప్‌టాప్‌లోని ఒక ఫోల్డర్‌ని హార్డ్ డిస్కులా చూపించే సదుపాయం అందులో ఉంది. ఎక్స్‌కంట్రోల్ ఏసీసీని ఆ ఫోల్డర్‌లో నేరుగా, మాడ్యూళ్లని లోపల సీపీఎక్స్ అనే ఫోల్డర్‌లో పెట్టండి. మెషీన్ రకం ఎస్టీఈ, మెమరీ 1 ఎంబీ అని ఎంచుకుంటే మీ పరిస్థితే వస్తుంది. మాడ్యూళ్లన్నిటినీ సీపీజెడ్ చేసి, జనరల్‌తో మొదలుపెట్టి ఒక్కొక్కటే తిరిగి తెండి, ప్రతిసారీ రీసెట్ కొట్టి ఖాళీ మెమరీ ఎంతుందో చూడండి. ఎక్కువ తింటున్నది కనబడితే దాని మొదటి నాలుగు బైట్లు ఇక్కడ పెట్టండి, చూసి చెప్తాను.